ఫిల్టరుకు చుట్టిన గుడ్డ

వికారాబాద్‌లో మా ఇల్లు అనంతగిరి గుట్టకు పోయే రోడ్డు మీద ఉంది. పని మానేసి రెండేళ్ళయింది. పొద్దున్నే చాయ్ పట్టుకుని వరండాలో కూర్చుంటాను. గుట్ట ఎక్కబోయే బండ్లన్నీ మా ఇంటి ముందే గేరు మారుస్తాయి. బండి ఏ రంగో, లోపల ఎవరున్నారో నేను చూడను. దాని తోక చూస్తాను. మా ఇంటావిడ సుగుణకు నవ్వు. "మంది మనుషుల మొఖాలు సూస్తరు. నువ్వు బండ్ల ఎనుకలు సూసుకుంట ముసలోడివైతున్నవ్," అంటుంది. నిజమే. నలభై ఏళ్ళు వెనకే చూశాను.

ఈ మధ్య ఐటీఐలో మోటార్ మెకానిక్ నేర్చుకుంటున్న పిల్లలకు రెండు మాటలు చెప్పమని పిలిచారు. నిలబడి మాట్లాడాలంటే నాకు నోరెండిపోతుంది. బోనెట్ కింద తల పెట్టి మాట్లాడమంటే పొద్దుగూకేదాకా మాట్లాడతాను. అందుకే రాసి ఇస్తానన్నాను. ఎక్కడ ఎంత జీతానికి చేశాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. వాటితో మీకు పని లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. బండి వరకు ఆ తప్పు దిద్దుకున్నాను. మనిషి దగ్గర దిద్దుకోలేకపోయాను.

*పొగ ఏం చెబుతుంది*

ముందు పని సంగతి. పొగ నల్లగా వస్తే డీజిల్ ఎక్కువైంది, లేదా గాలి తక్కువైంది. తెల్లగా వచ్చి, బండి వేడెక్కినా పోకుండా, కొంచెం తియ్యటి వాసన వేస్తుంటే రేడియేటర్ నీళ్ళు ఎక్కడో ఇంజన్ లోపలికి దిగుతున్నాయి. చలికాలం పొద్దున కాసేపు కనిపించే తెల్లటి ఆవిరికి మాత్రం భయపడకండి. మనం ఊదినా వస్తుంది అది. పొగ నీలంగా ఉందంటే ఇంజన్ తన ఆయిల్ తానే తాగుతోంది.

నీలం పొగ కనబడగానే ఇంజన్ పోయిందని చెప్పేవాడు మెకానిక్ కాదు, చిలక జోస్యం వాడు. ఆయిల్ మంటలోకి పోవడానికి చాలా దారులున్నాయి. ఏ దారో తెలియాలంటే పొగ ఎప్పుడు వస్తుందో అడగాలి. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పున నీలం పొగ వదిలి ఊరుకుంటే వాల్వ్ సీళ్ళు చూడండి. గుట్ట ఎక్కుతుంటే పొగ పెరుగుతూ, ఆయిల్ పోసే మూత తీస్తే అందులోంచి బుసబుస గాలి కొడుతుంటే పిస్టన్ రింగుల మీద అనుమానం పెట్టుకోండి. చాలాసేపు ఊరికే నడిచిన ఇంజన్‌ను ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు వెనక నీలం తెర లేస్తే టర్బో వైపు చూడండి.

టర్బో అంటే పెద్ద మాయ కాదు. బయటికి పోయే పొగ వేగంతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద రెండో చివర ఇంకో చక్రం ఉండి, బయటి గాలిని లాగి ఇంజన్‌లోకి తోస్తుంది. ఆ ఇరుసు ఆయిల్ మీద తేలుతూ తిరుగుతుంది. గాలి లాగే చక్రానికి సరిపడా గాలి దొరకకపోతే అది పక్కనున్న ఆయిల్‌ను లాగుతుంది. ఆకలైనవాడు ఏది దొరికితే అది తింటాడు.

టర్బో వైపు చూడండి అన్నాను. టర్బో పోయింది అనలేదు. ఈ రెండు మాటలకూ తేడా తెలిసీ మరిచిపోయినవాడి కథ ఇది.

*ఖాదర్ సాబ్*

మాది కుల్కచర్ల దగ్గర వ్యవసాయ కుటుంబం. భూమి ఉంది, దున్నడానికి ఇద్దరు అన్నలున్నారు. మూడోవాడినైన నాకు పొలం కన్నా ట్రాక్టర్ ఇంజన్ మీద మనసు. ఇరవై రెండేళ్ళ వయసులో తాండూరుకు పోయి ఖాదర్ సాబ్ షెడ్డులో చేరితే మా నాయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. "పటేల్ కొడుకు నూనె చేతులతోని బువ్వ తింటడా?" అని ఊళ్ళో అడిగారట. తిన్నాను. ఆ షెడ్డులో తిన్న జొన్నరొట్టె రుచి మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

తాండూరు అంటే నాపరాయి. రాయి కోసే మిషన్లు, పాలిష్ పట్టే యూనిట్లు, సిమెంట్ లారీలు. తెల్లటి దుమ్ము చాయ్ గ్లాసు మీద, కనురెప్పల మీద, రోడ్డు పక్క కంది చేల మీద కూడా ఉండేది. ఆ దుమ్ములో ఖాదర్ సాబ్ తెల్ల లాల్చీ వేసుకుని పనిచేసేవాడు. పొట్టి మనిషి. ఎదుటివాడికి ఏ భాష వస్తే అందులో మొదలుపెట్టి, తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ కలిపేసి, తనకు నచ్చినదాంట్లో ముగించేవాడు.

బండి రాగానే ఆయన బోనెట్ ఎత్తేవాడు కాదు. స్టార్ట్ చేయమని చెప్పి వెనక్కి పోయేవాడు. సైలెన్సర్‌కు జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి, ఆ చేతిని వాసన చూసేవాడు. తర్వాత నా ముక్కు దగ్గర పెట్టేవాడు.

"ఏం వాసనరా అంజీ?"

"డీజిల్, ఉస్తాద్."

"ఇంకేం?"

"గంతే."

"గంతే కాదు. మళ్ళ సూడు. సబర్ పట్టు బేటా, బండి యాడికి పోతది?"

మూడు నెలలు నాకు పానా ఇవ్వలేదు. వాసనే చూపించాడు. కోపమొచ్చి ఒకరోజు అడిగాను, నేను మెకానిక్ కావాలని వచ్చాను గానీ కుక్కను కావాలని కాదు గదా అని. ఆయన పగలబడి నవ్వి, షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ వారం రోజులు ఆ మాట చెప్పాడు.

ఆయన దగ్గర రెండు నియమాలుండేవి. ఒకటి, పొగ వచ్చిన ప్రతి బండికీ ఆయన ముందుగా చెప్పే మాట. "ముందుగాల గాలి ఎట్ల వస్తుందో సూడు. పొగ సంగతి గా తర్వాత." రెండోది, ఇంకో మేస్త్రి చెయ్యి పెట్టిన బండి బోనెట్ ఎత్తకూడదు. అది అవతలి వాడి ఇంట్లో వంట గదిలోకి దూరడం లాంటిదనేవాడు. ఏదైనా చెప్పాలనిపిస్తే ఆ మేస్త్రికే కబురు పంపేవాడు. ఈ రెండు నియమాలూ తర్వాత నా కథలోకి వస్తాయి.

*నా పేరు పెట్టుకున్న గుడ్డ*

అప్పట్లో జీపుల ఎయిర్ ఫిల్టర్లు ఆ రాతి దుమ్ముకు వారానికే పూడుకుపోయేవి. దుమ్ము లోపలికి పోయి రింగులు అరిగేవి. నేనొక ఉపాయం చేశాను. పాత నూలు చీర ముక్క తీసుకుని ఫిల్టరు చుట్టూ ఒక పొర చుట్టి దారంతో కట్టాను. దుమ్ము గుడ్డ మీదే ఆగింది. రోజూ సాయంత్రం విప్పి దులిపి కట్టుకోమని డ్రైవర్లకు చెప్పాను. పనిచేసింది. అది పాత ఇంజన్, టర్బో లేదు, కాస్త ఊపిరి తక్కువైనా నల్లటి పొగ వదిలి సర్దుకునేది.

ఖాదర్ సాబ్ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అక్కల్ ఉంది నీకు. గని గుడ్డ దులపనోడికి గిది ఉరితాడు," అన్నాడు. నాకు తెలివి ఉందన్న మొదటి వాక్యమే వినబడింది. ఏడాది తిరగకుండా తాండూరు రాతి యూనిట్లన్నిటిలో ఆ గుడ్డకు పేరొచ్చేసింది. అంజన్న గుడ్డ. హోటల్లో చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద నాకు తెలియనివాళ్ళు నా పేరు పలుకుతుంటే విన్నాను. ఆ రోజు రెండో చాయ్ చెప్పుకుని కూర్చున్నాను, ఇంకోసారి వినబడుతుందేమోనని.

పెళ్ళయ్యాక వికారాబాద్ వచ్చేశాను. ఒక కంపెనీ సర్వీసు షెడ్డులో కొన్నేళ్ళు చేశాను. అక్కడి మేనేజర్ చెడ్డవాడు కాదు, కానీ ఆయనకు బండి అంటే పార్టుల జాబితా. "అనుమానం ఉంటే మార్చెయ్ అంజిరెడ్డీ. ఆలోచించడానికి టైమ్ లేదు," అనేవాడు. అక్కడ స్కానర్ పట్టడం నేర్చుకున్నాను, టర్బోలు విప్పడం నేర్చుకున్నాను. వాటికి ఆ షెడ్డుకు రుణపడి ఉంటాను. కానీ వాసన చూసే చెయ్యి జేబులోకి పోయింది. సొంత షెడ్డు పెట్టుకునే నాటికి నేను పేరున్న టర్బో మెకానిక్‌ను. ఖాదర్ సాబ్‌కు పండగనాడు ఫోన్ చేసేవాణ్ణి, లేకపోతే ఆయనే చేసేవాడు. "టర్బోలు ఇప్పుతున్నవంట గద? జర నాకు గూడ నేర్పియ్యి," అని ఆటపట్టించేవాడు. నేను గర్వపడేవాణ్ణి. ఆయన నవ్వులాటకు అన్నాడని ఇప్పుడు తెలుస్తోంది.

*బీరయ్య బండి*

బీరయ్యది యాలాల్ వైపు పల్లె. తాతల నాటి నుంచి గొర్రెల కాపరులు. మందలో సగం అమ్మి పాత టర్బో డీజిల్ కారు ఒకటి కొన్నాడు. తాండూరు నుంచి వికారాబాద్‌కు, పట్నం ఆస్పత్రులకు రోగులను తీసుకుపోయేవాడు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు నొప్పులొచ్చినా, పాము కరిచినా ముందు బీరయ్యకే ఫోన్ చేసేవారు. బండి ఆగితే అతని ఇల్లు ఆగుతుంది. ఇంకెవరి ఇంట్లో ఏం ఆగుతుందో చెప్పలేం.

ఆ బండి నీలం పొగతో నా దగ్గరికి వచ్చింది.

బండిని తళతళా కడుక్కుని వచ్చాడు. మా వైపు మర్యాద అది. డాక్టరు దగ్గరికి తానం చేసి పోయినట్టే మేస్త్రి దగ్గరికి బండిని కడిగి తెస్తారు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూశాను. కొత్తదానిలా ఉంది. "శభాష్, మంచిగ పెట్టుకున్నవ్ బండి," అని మెచ్చుకున్నాను కూడా. తాండూరులో తిరిగే బండికి అంత శుభ్రమైన ఫిల్టరు ఎలా వచ్చిందని నా బుర్రకు తట్టలేదు. పిల్లలూ, చెడిపోయినదాన్ని చూసి అందరూ అనుమానపడతారు. ఉండాల్సిన దానికన్నా బాగున్నదాన్ని చూసి అనుమానపడటం పనితనం.

టర్బో పైపు ఊడదీశాను. లోపల ఆయిల్. ఇరుసును వేలితో కదిలించాను. పక్కకు కొద్దిగా ఆడింది. ఆ మాత్రం ఆట కొత్త టర్బోకు కూడా ఉంటుంది. అది తేలి తిరిగే ఇరుసు, ఆయిల్ లేకుండా ఆగి ఉన్నప్పుడు కాస్త కదులుతుంది. ముందుకూ వెనక్కూ కదిలితేనే భయపడాలి. నాకు తెలియని సంగతి కాదు. అయినా ఇరుసు ఆడిందనగానే నోరు ఆడింది.

"టర్బో పోయింది బీరయ్యా."

అతను కాసేపు బండి చుట్టూ తిరిగాడు. "నువ్వు చెప్పినవంటే అయిపాయె అన్నా. మార్పిస్త," అన్నాడు. మిగిలిన మందలోంచి ఇంకొన్ని గొర్రెలు పోయాయి. కొత్త టర్బో బిగించాను. అప్పటికే, టర్బో తోసే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లోకి చేరిన ఆయిల్ సరిగ్గా కడగలేదు. "రెండు దినాలు పొగొస్తది, ఫికర్ పెట్టుకోకు," అన్నాను. రెండు కాదు గానీ నాలుగు రోజులకు తగ్గింది. నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చింది.

రెండోసారి వచ్చినప్పుడు కూడా బండి కడుక్కునే వచ్చాడు. వస్తూ ఒక కబురు తెచ్చాడు. రెండు రోజుల ముందు రాళ్ళ యూనిట్ దగ్గర మనుషులను దింపి వస్తుంటే ఖాదర్ సాబ్ షెడ్డు ముందు ఆగాడట. ఆయన మామూలుగానే వెనక్కి పోయి చెయ్యి పెట్టి వాసన చూశాడట.

"నీలంల నలుపు గూడ ఉంది అన్నడన్నా. టర్బో మంచిగనే ఉందంట, ఇంజన్ ఇప్పొద్దన్నడు. ముందుగాల గాలి ఎట్ల వస్తుందో సూడుమని నీకు చెప్పుమన్నడు."

"బోనెట్ ఎత్తి సూసిండా?"

"లేదన్నా. అంజి పట్టిన బండి, నేను చెయ్యి పెట్టొద్దు అన్నడు."

నా ముందు ఇద్దరు ముగ్గురు గిరాకీలు నిలబడి ఉన్నారు. పొగ నా కళ్ళ ముందుంది. అందులో నలుపు లేదు. బోనెట్ కూడా ఎత్తకుండా తాండూరులో కూర్చుని నాకు పాఠం చెబుతున్నాడనిపించింది. అప్పుడు నేనన్న మాట మీ ముందు దాచను.

"గా ముసలాయన కాలంల టర్బోలు యాడియి? ఆయన జీపుల సంగతి ఆయనను సూసుకోమను. పోయి చెప్పు, నేనన్ననని చెప్పు."

బీరయ్య తల వంచుకుని భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. 

కొత్త టర్బో పోయే అవకాశం లేదు కాబట్టి రింగులే అని తేల్చాను. ఇంజన్ విప్పాను. పిస్టన్లు చేతికొచ్చాక రింగులు కొలిచాను. బాగున్నాయి. సిలిండర్ గోడల మీద కంపెనీలో పెట్టిన సన్న గీతలు కూడా చెరగలేదు. ఆ ఇంజన్ ఇంకో లక్ష కిలోమీటర్లు తిరుగుతుంది. నేను దాని పొట్ట కోసి బల్ల మీద పరిచాను. ఆ మధ్యాహ్నం డబ్బా విప్పాను గానీ అన్నం ముట్టలేదు.

మూడో రోజు బీరయ్య రైల్లో వచ్చాడు. చేతిసంచిలోంచి మడత పెట్టిన గుడ్డ తీసి నా చేతిలో పెట్టాడు. ఉతికి ఆరేసిన చీర ముక్క. అంచులు చేత్తో ముచ్చటగా కుట్టి ఉన్నాయి. రెండు పొరలు.

"ఏంది గిది?"

"అంజన్న గుడ్డ," అన్నాడు, నాకే తెలియదా అన్నట్టు. "ఎట్లయినా అంత ఇప్పినవు గద. నీ చేతులతోని నువ్వే కట్టు అన్నా. మా ఇంటిది రెండు పొరలు పెట్టి కుట్టింది, పిరమైన బండి గద అని. నీ దగ్గరికి వచ్చేటప్పుడు మురికి గుడ్డతోని రావద్దని ఇప్పి ఉతికి ఆరేస్తది. పోయినంక మళ్ళ కట్టుకుంట."

ఆ గుడ్డ పట్టుకుని నేను పానాల పెట్టె మీద కూర్చున్నాను. రెండుసార్లూ నా దగ్గరికి వచ్చే ముందు అతను మర్యాద కోసం గుడ్డ విప్పి వచ్చాడు. ఖాదర్ సాబ్ చూసిన రోజు బండి గుడ్డతోనే పనిలో ఉంది. ఊపిరాడక టర్బో ఆయిల్ లాగుతుంటే నీలం, గాలి చాలక డీజిల్ సగం కాలుతుంటే నలుపు, రెండూ కలిసి వచ్చాయి. ఆయన బండిని పని బట్టల్లో చూశాడు. నేను తానం చేసి వచ్చిన బండిని చూశాను. ఇంటర్‌కూలర్‌లో మిగిలిన ఆయిల్ కాలే నీలం మాత్రమే నాకు కనిపించింది.

మూలన పడేసిన పాత టర్బో తెచ్చి కడిగి, వేలితో తిప్పాను. చప్పుడు లేకుండా గిర్రున తిరిగింది. దాంట్లో ఏ లోపమూ లేదు. బీరయ్య రెండోసారి అమ్మిన గొర్రెలు నేను కట్టిన గుడ్డకూ, నా నోటికీ పోయాయి.

అదే మాట బీరయ్యకు చెప్పాను. అతను నా చేతిలోంచి గుడ్డ తీసుకుని మడత పెట్టాడు. "మా ఆమెకు చెప్పకన్నా. కండ్లల్ల నీళ్ళు పెట్టుకుంటది. మస్తు మనసు పెట్టి కుట్టింది," అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. ఇంజన్ పనికి కూలి తీసుకోలేదు, పాత టర్బోను వేరేవాళ్ళకు అమ్మించి ఆ డబ్బు అతనికే ఇచ్చాను. పోయిన గొర్రెలు దాంతో తిరిగి రాలేదు. ఇంటర్‌కూలర్ పైపులన్నీ కడిగి, ఇంజన్ బిగించి, అనంతగిరి గుట్ట మూడుసార్లు ఎక్కించాను. మూడోసారి అద్దంలో వెనక ఖాళీ రోడ్డు, చెట్లు తప్ప ఏమీ కనిపించలేదు.

*పోని ఆదివారాలు*

ఆ ఆదివారమే తాండూరు రైలెక్కి ఖాదర్ సాబ్ ముందు నిలబడాల్సింది. టిక్కెట్టు కూడా కొన్నాను. బండి ప్లాట్‌ఫాం మీదికి వచ్చింది. నేను బెంచీ మీదే ఉండిపోయాను. ఆ ముసలాయన కాలంల టర్బోలు యాడియి అన్న నా మాట నా చెవిలోనే మోగుతోంది. బీరయ్య చెప్పేసి ఉంటాడు. ఏ మొహం పెట్టుకుని పోవాలి?

వచ్చే వారం అనుకున్నాను. ఆ వచ్చే వారం అలా జరుగుతూనే పోయింది. రంజాన్ వచ్చింది, ఆయన ఫోన్ రాలేదు. అన్నేళ్ళలో అదే మొదటిసారి. నేను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. కోపంగా ఉన్నాడని ఖాయం చేసుకున్నాను. తర్వాత చేయలేదు. సుగుణ మాత్రం పోరుతూనే ఉంది. "పోయి కాళ్ళ మీద పడరాదయ్యా. పెద్ద మనిషి తంతడా, చంపుతడా?" అనేది. నేను పని ఉందనేవాణ్ణి. షెడ్డులో పని ఎప్పుడూ ఉంటుంది.

ఏడాదిన్నర పోయాక ఒక పొద్దున బీరయ్య బండి నా షెడ్డు ముందు ఆగింది. దిగకుండానే చెప్పాడు.

"ఖాదర్ సాబ్ పోయిండన్నా. ఎక్కు."

చేతులు కడుక్కోకుండానే ఎక్కాను. తాండూరు దాకా దారి పొడుగునా ఆ బండి ఇంజన్ చప్పుడు వింటూ కూర్చున్నాను. చక్కగా నడుస్తోంది. చివరికి ఉండబట్టలేక అడిగాను.

"బీరయ్యా, నేనన్న మాట విని ఉస్తాద్ ఏమన్నడు?"

"ఏ మాటన్నా?"

"ముసలాయన, జీపులు... గా మాట."

బీరయ్య నా వైపు తిరిగి మళ్ళీ రోడ్డు వైపు చూశాడు. "గది నేనెందుకు చెప్తనన్నా? కోపంల ఒకటంటవు. గా మాట మోసుకపోయి అంత పెద్దమనిషి ముందల పెడుతనా? అంజన్న సూస్తా అన్నడని చెప్పిన. గంతే."

 అతనే చెప్పుకుపోయాడు.

"ఆయనకు ఆఖరుకు చెవులు పోయినయన్నా. ఫోన్ల ఏం ఇనరాదు. ఫోన్ బిడ్డకు ఇచ్చేసిండు. నేను గా తొవ్వల పోయినప్పుడల్ల బండి ఆపుమనేటోడు. ఎనకకు పోయి చెయ్యి పెట్టి వాసన సూసుకునేటోడు. మా అంజి చేసిండు, సాఫ్ చేసిండు అని అందరికి చెప్పేటోడు. అంజి ఎప్పుడొస్తడు అని అడుగుతుండె. ఐతారం వస్తడని రెండు మూడు సార్లు నేనే అబద్ధమాడిన. ఐతారం పూట షెడ్డు బంద్ గద, అయినా ముందల కుర్చీ ఏసుకొని కూసునేటోడంట."

రైలు రోడ్డు వెంటే పోతోంది. నేను ఎక్కని ఆ బండి. ఆయన మెచ్చుకున్నాడు. పాతికేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట ఏడాదిన్నర పాటు తాండూరు రోడ్డు మీద అందరూ విన్నారు, నేను తప్ప. ఆయన మౌనం చూసి కోపం అని తేల్చేశాను. ఆ మౌనం ఎక్కడి నుంచి వస్తోందో ఒక్కసారి పోయి చూడలేదు. బండి విషయంలో చేసిన తప్పే మనిషి విషయంలోనూ చేశాను. బండి నన్ను క్షమించి మళ్ళీ గుట్ట ఎక్కింది.

మేము చేరేసరికి ఆయన్ను తీసుకుపోవడానికి సిద్ధం చేశారు. తెల్ల బట్టలో ఎప్పటిలాగే చిన్నగా ఉన్నాడు. జనాజాకు నేనూ ఒక భుజం పట్టాను. నా చేతుల నూనె మరక ఆ బట్ట మీద ఎక్కడో అంటుకునే ఉంటుంది.

*ఇప్పుడు*

మీరు పట్టబోయే కొత్త బండ్లకు పొగే కనబడదు. సైలెన్సర్‌లో ఇంకో జల్లెడ పెట్టారు, అది మసినంతా మింగేస్తుంది. గాలికి మంచిదే. కానీ బండి తన బాధ చెప్పుకునే నోరు కూడా కొంత మూసుకుపోయింది. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడటం మరిచిపోకండి. ఎంత పోశారు, ఎన్ని రోజులకు ఎంత తగ్గింది అని బండివాడిని అడగండి. స్కానర్ మీద నాకు గౌరవం ఉంది. అది చూపిస్తుంది, మీరు చూడాలి. టర్బో పైపులో కాస్త ఆయిల్ తడి కనబడగానే టర్బో మీద నేరం మోపకండి. ఫిల్టర్, గాలి పైపు, ఇంజన్ ఊపిరి వదిలే బ్రీదర్ గొట్టం, టర్బో నుంచి ఆయిల్ తిరిగి దిగే పైపు, ఇవన్నీ చూసిన తర్వాతే పానా ఎత్తండి. బండిని కడిగి తెచ్చినవాడిని, కడగక ముందు ఎలా ఉండేదో అడగండి.

పని మానేశాక నెలకు రెండు ఆదివారాలు తాండూరు పోతున్నాను. రాళ్ళ యూనిట్ల దగ్గర ఆగిన బండ్ల బోనెట్లు ఎత్తించి గుడ్డలు విప్పిస్తున్నాను. ఇంకా చాలామంది కడుతూనే ఉన్నారు. కొందరు వినరు. ఖాదర్ సాబ్ షెడ్డు ఇప్పుడు టైర్ల దుకాణం. ముందు కుర్చీ ఏదీ లేదు. అయినా దాని ముందు నుంచి పోతుంటే అడుగు నెమ్మదిస్తుంది. నా అరచెయ్యి నేనే వాసన చూసుకుంటాను. సబ్బు వాసన తప్ప ఏమీ రాదు. ఒక్కసారి ఆ చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టి, ఇంకేం వాసనరా అని అడిగితే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది.

పోయిన ఆదివారం ఒక డ్రైవరు నన్ను బండి ముట్టుకోనివ్వలేదు. ముప్పై ఏళ్ళుంటాయి. గుడ్డ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు పెద్దమనిషీ. ఇది అంజన్న గుడ్డ. తాండూర్ల పెద్ద మెకానిక్ ఉండెనంట, ఆయన చెప్పిండు."

నేను ఆ గుడ్డ వైపు చూశాను. పూలపూల చీర ముక్క, అంచు కుట్టి ఉంది. ఎవరి ఇంట్లోనో ఎవరో మనసు పెట్టి కుట్టారు.

"ఆ అంజన్నకు ఆయన ఉస్తాద్ చెప్పిండు తమ్మీ, గిది ఉరితాడని," అన్నాను. "అంజన్న విన్నడు గని, జర ఆలస్యంగ విన్నడు."